ఇవాళ్టిని చరిత్రలా చదవడం – 4వ పాఠం: కథని ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠంలో మూడు గడియారాల గురించి చెప్పుకున్నాం, గుర్తుందిగా? ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రోడెల్ 1949లో అచ్చయిన తన మధ్యధరా సముద్రం పుస్తకంలో కాలాన్ని మూడు వేగాలుగా చూశాడు. విశాఖ బీచ్ రోడ్డు మీద నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండని చూస్తే దాదాపు కదలని కాలం, 1933లో తెరిచిన పోర్టు చుట్టూ మెల్లగా పెరిగిన ఊరిని చూస్తే తరాల కాలం, 2014 అక్టోబరు 12న వచ్చిన తుఫాను హుద్‌హుద్‌ని తలుచుకుంటే ఒక్క రోజు కాలం.

ఇవాళ్టిది దానికంటే కష్టం. మనం బతుకుతున్న కాలానికి చరిత్ర రాయొచ్చా? కుదరదనేవాళ్లు ముందు ఫైళ్ల సంగతి ఎత్తుతారు, మన దేశంలో ప్రభుత్వ రికార్డులు మామూలుగా 25 ఏళ్లు దాటాకే నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరతాయి కాబట్టి. ఆ మాట నిజమే, అయినా పారిస్‌లో 1978లో ఈ పనికోసమే ఒక పరిశోధన సంస్థ పెట్టారు. నన్నడిగితే ఫైళ్లు అంత పెద్ద చిక్కు కాదు. కథ ఎక్కడ ముగుస్తుందో తెలియదు చూడండి, అదీ చిక్కు.

మన విశాఖ స్టీల్ ప్లాంటే తీసుకోండి. 1966లో ప్లాంటు కావాలని ఉద్యమం, నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు, 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఇక్కడ ఆపితే ఇది గెలుపు కథ. 2021 జనవరిలో కేంద్రం పూర్తి పెట్టుబడుల ఉపసంహరణకి, అంటే తన వాటా మొత్తం అమ్మేయడానికి, సూత్రప్రాయంగా ఒప్పుకున్న దగ్గర ఆపితే, అదే 1966 పోరాటం పోగొట్టుకోబోతున్న దాని కథ అయిపోతుంది. 2025 జనవరిలో ప్లాంటుని నిలబెట్టడానికి కేంద్రం ఒప్పుకున్న 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ దగ్గర ఆపితే మళ్లీ ఇంకోటి. 1966లో జరిగింది మాత్రం మారలేదు, మనం నిలబడి చూసే చోటు మారింది, అంతే.

అందుకే నోట్సు రాసేటప్పుడు పేజీని నిలువుగా రెండు చెయ్యండి. ఎడమవైపు ఆ రోజున వాళ్లకి తెలిసింది, ఆశపడింది, భయపడింది. కుడివైపు తర్వాత తెలిసినవి. వినడానికి తేలికే గానీ రాయబోతే చెయ్యి దానంతటదే కుడివైపుకి పోతుంది.

మా పెదనాన్న ఎప్పుడూ "ప్లాంటు వస్తుందని మాకు అప్పుడే తెలుసురా" అంటారు. "అప్పుడంటే ఏ ఏడు పెదనాన్నా?" అని అడిగితే కాసేపు ఆగి, "ఏమోరా, ఆ ఏడు పరీక్ష గట్టెక్కితే చాలనుకున్నా" అన్నారు. మొదటి మాట కుడివైపు రాశాను, పరీక్ష టెన్షన్ ఎడమవైపు.

ఈ వారం పని: మీ ఇంట్లోనో పక్కింట్లోనో డెబ్బై దాటినవాళ్లని ఇలాగే ఒక్క ఏడాది గురించి అడగండి. "ఏం జరిగింది" అని కాదు, "అప్పుడు ఏం జరుగుతుందనుకున్నారు" అని. పేజీ పైన, మీరు అడిగిన రోజు తేదీ కూడా వెయ్యండి; వచ్చే పాఠంలో దానితో పనుంది.