మారుమూల క్లినిక్‌కి కాపలా – 4వ పాఠం: గేటు దగ్గర తుపాకీ

ఈసారి రేడియో గురించి చెప్తానన్నాను. చెప్పడం లేదు. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. గేటు దగ్గరే ఇంతమంది తడబడితే రేడియో దాకా వెళ్లి లాభం లేదు.

అభ్యాసం ఇదీ. దక్షిణ సూడాన్, జోంగ్లే రాష్ట్రం. చుట్టూ నల్లరేగడి. వానాకాలంలో బండి కదలదు, చిన్న విమానం దిగే మట్టి రన్‌వే కూడా బురదే. పది మంచాల క్లినిక్. రాత్రి తొమ్మిదింటికి నలుగురు తుపాకులతో వచ్చారు. దుప్పటిలో ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు, తొడలో బుల్లెట్. వాచ్‌మన్ ఏం చెయ్యాలి?

కొందరు క్లినిక్ చుట్టూ రెండు వరసల ముళ్లకంచె, సీసీ కెమెరాలు గీసి పంపారు. కంచె గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అక్కడికి దూరంగా యూనిటీ రాష్ట్రంలో లీర్ అనే ఊరుంది. 2014 మొదట్లో అక్కడి ఆసుపత్రిని దోచుకుని తగలబెట్టారు. ప్రహరీ ఏమీ ఆపలేదు. స్థానిక సిబ్బంది ముందే బాగా జబ్బుగా ఉన్న రోగుల్ని తీసుకుని పొదల్లోకి వెళ్లిపోయారు, చేతిలో ఉన్న మందులతో అక్కడే వైద్యం చేశారు. మేకలు రాకుండా, రోగులు వరసలో రావడానికి ఒక దడి చాలు.

ఇంకొందరు తుపాకీ ఉన్న గార్డుల్ని పెట్టారు. మన దగ్గరా తుపాకీ ఉంటే ఎవరూ రారని వాళ్ల లెక్క. 2013 ఏప్రిల్‌లో మన దేశం నుంచి ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో వెళ్లిన ఐదుగురు సైనికులు ఇదే జోంగ్లేలో, ఒక కాన్వాయ్‌కి కాపలాగా వెళ్తూ మాటువేసిన వాళ్ల చేతిలో చనిపోయారు. శిక్షణ పొందిన సైనికులకే అలా జరిగిన చోట, క్లినిక్ గేటు దగ్గర ఒక తుపాకీ ఏం చేస్తుంది? పైగా ఆ తుపాకీ ఎవరి మనిషి భుజాన ఉందో ఊరు చూస్తుంది. ఆ రోజు నుంచి క్లినిక్ ఆ తెగదే. అవతలి తెగ పిల్లకి మలేరియా వస్తే తల్లి గుమ్మం తొక్కదు. కాంగోలో ఎబోలా వచ్చినప్పుడు కొన్నిచోట్ల వైద్య బృందాలు పోలీసులు, సైనికుల మధ్య ఊళ్లోకి వెళ్లాయి. జనం నమ్మకం పోవడానికి అదీ ఒక కారణం. 2019 ఫిబ్రవరిలో నాలుగు రోజుల్లోపే కట్వా, బుటెంబోల్లో రెండు చికిత్సా కేంద్రాల మీద దాడులు జరిగాయి.

మీ బొమ్మల్లో చాలావాటి మీద ఎర్ర క్రాస్ గుర్తు కూడా ఉంది. తీసేయండి. అది రెడ్‌క్రాస్ ఉద్యమానికీ, సైనిక వైద్య విభాగాలకీ చెందిన గుర్తు. మన దేశంలో కూడా 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేనివాళ్లు దాన్ని వాడకూడదు. మన ఊళ్లలో ప్రతి మందుల షాపు మీదా, అంబులెన్సు మీదా చూసి అలవాటైపోయింది. గేటుకి కావాల్సింది వేరే బొమ్మ: తుపాకీ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. అక్షరాలు వద్దు. మనిషి కళ్ల ఎత్తులో, గేటుకి రెండు వైపులా పెట్టాలి.

రాత్రి దీపం, రిజిస్టరు, విజిల్, వాచ్‌మన్ల షిఫ్టులు మీకు తెలిసినవే. ఇక అసలు తప్పుకి వస్తాను.

సగానికి పైగా జవాబుల్లో ఇదే ఉంది: “వాచ్‌మన్ తుపాకులు తీసుకుని, గేటు గదిలో పెట్టి తాళం వేసి, టోకెన్ ఇచ్చి లోపలికి పంపాలి.” తిరుమలలో సెల్‌ఫోన్లు డిపాజిట్ చేసినట్టు. మంచి మనసుతోనే రాశారు. కొన్ని సంస్థలు కూడా గేటు దగ్గర తాళం పెట్టె పెడతాయి. నేను ఒప్పుకోను. వాచ్‌మన్ చెయ్యి తుపాకీకి తగలకూడదు.

ఒకరు నాలుగో జెనీవా ఒప్పందం 19వ అధికరణం చూపించారు. గాయపడిన సైనికుల దగ్గర తీసుకున్న చిన్న ఆయుధాలు ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన ఆసుపత్రికి రక్షణ పోదని అందులో ఉంది. నిజమే, ఉంది. చదివినందుకు సంతోషం. కానీ రేపు కోర్టులో నిలబడి ఆ అధికరణం చదవగలరేమో గానీ, ఈ రాత్రి గేటు బయట చీకట్లో నిలబడ్డవాడికి అది తెలియదు. లోపల తుపాకులున్నాయన్న సంగతి మాత్రం తెలుసు.

నేను లాజిస్టిక్స్ చూసిన ఒక క్లినిక్‌లో నాకన్నా ముందే అలాంటి చెక్కపెట్టె ఉండేది. ఒక సంత రోజు సాయంత్రం అందులో ఏడు తుపాకులు పడ్డాయి. అన్నీ ఒకే రకం కలాష్నికోవ్‌లు, అన్నిటి చెక్కా అరిగిపోయి ఉంది. పట్టీకి ఎర్రగుడ్డ పీలిక కట్టిన తుపాకీ కోసం ఇద్దరు వచ్చారు. ఇద్దరూ నాదేనన్నారు. ఒకడు మ్యాగజైన్ ఊడదీసి అక్కడే నేల మీద గుళ్లు ఒక్కొక్కటీ పేర్చి లెక్కపెట్టాడు. “ముప్పై పెట్టాను, ఇరవై ఏడే ఉన్నాయి” అన్నాడు. వాచ్‌మన్ పెద్దాయన, ముగ్గురు మనవళ్లున్నవాడు. ఆయన చేతిలో తాళంచెవి వణుకుతోంది. దొంగ అనిపించుకున్నాడు, అదీ తన ఊళ్లో, తనవాళ్ల ముందు. ఊరి పెద్ద, అంటే చీఫ్, వచ్చి తేల్చేసరికి రాత్రి పదకొండు. ఆ మూడు గంటలూ లోపల కాన్పు నొప్పులు పడుతున్న మనిషి దగ్గరికి గేటు బయట నుంచి మంత్రసాని రాలేకపోయింది.

అక్కడ తుపాకీ అంటే ఏమిటో ఆలోచించండి. ఆవులమ్మి కొనుక్కున్నది. మందను ఎత్తుకుపోయే వాళ్లొస్తే ఇంటికి అదే దిక్కు. దాన్ని ముక్కూమొహం తెలియనివాడికి ఇచ్చి చీటీ పుచ్చుకుని రమ్మంటే ఎవడొస్తాడు? రాకుండా తమ్ముణ్ణి చెట్టు కిందే చావనిస్తాడు, లేదా తోసుకుని లోపలికొస్తాడు. తీసుకున్నారే అనుకోండి, వాచ్‌మన్ చేతిలో తుపాకీ ఉన్న ఆ నిమిషం దూరం నుంచి చూసేవాడికి ఆయన సాయుధుడే. పొరపాటున పేలితే ఆయనే చంపినట్టు. గదిలో ఉన్న తుపాకీని గుర్తుపట్టిన పగవాడికి దాని సొంతదారు లోపల మంచం మీదున్నాడని తెలిసిపోతుంది. పెట్టె నిండా తుపాకులున్నాయని పుకారు పుడితే, మందుల జోలికి రానివాళ్లు కూడా ఆ పెట్టె కోసం వస్తారు.

మరి ఎలా? తుపాకీ తన మనిషి దగ్గరే ఉంటుంది, ఆ మనిషి బయట ఉంటాడు. ఇదొక్కటే సూత్రం. మిగతాదంతా ఆ బయట ఉండటాన్ని సులువు చెయ్యడమే.

స్ట్రెచర్ గేటు బయట ఉండాలి, లోపల కాదు. పోయిన పాఠంలో ఇది చెప్పలేదు, తప్పు నాది. గేటుకి యాభై అడుగుల దూరంలో నీడ, కూర్చోడానికి దుంగలు, మూత ఉన్న నీళ్ల డ్రమ్ము, గ్లాసు పెట్టండి. వానకి రేకు వెయ్యండి. నేను కొత్త క్లినిక్‌కి వెళ్తే మొదటి రోజు లోపలికి వెళ్లను. ఆ నీడలోనే గంటసేపు కూర్చుంటాను. నీళ్లు అయిపోతే ఎవరు నింపుతున్నారో చూస్తే ఆ క్లినిక్ కాపలా సంగతి సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ నలుగురూ వచ్చారు. వాచ్‌మన్ లేచి నిలబడతాడు, రెండు చేతులూ కనిపించేలా. టార్చి వాళ్ల మొహాల మీద కొట్టడు, తన కాళ్ల దగ్గర నేల మీద వేస్తాడు. తను ఎవరో వాళ్లకి కనబడాలి. ముందు పలకరింపు, తర్వాత గాయం, ఆ తర్వాతే తుపాకీ. ఈ వరస మారకూడదు.

“దండాలు. ఎవరికి దెబ్బ తగిలింది?”

“మా తమ్ముడికి.”

“స్ట్రెచర్ ఇదిగో, పడుకోబెట్టండి. నర్సుని పిలుస్తున్నాను. ఒకరు తమ్ముడితో లోపలికి రండి, తుపాకీ బయట ఉండేవాళ్లకి ఇచ్చి రండి. మిగతావాళ్లు ఆ నీడలో కూర్చోండి, నీళ్లున్నాయి. ఎలా ఉందో నేనే వచ్చి చెప్తాను.”

చివరి వాక్యం మాట కోసం కాదు. పావుగంటకోసారి నిజంగా వెళ్లి చెప్పాలి. తమ్ముడు బతికాడో లేదో తెలియక టెన్షన్ పడేవాడే గేటు తంతాడు.

మీలో ఇద్దరు మంచి ప్రశ్న అడిగారు: ఒంటరిగా వస్తే? అందుకే మొదటి నెలలోనే చీఫ్‌తో మాట్లాడి ఒక ఇల్లు ఖాయం చేసుకోవాలి. క్లినిక్‌తో సంబంధం లేని, అన్ని తెగలూ ఒప్పుకునే పెద్దమనిషి ఇల్లు. ఒంటరివాడు తుపాకీ అక్కడ పెట్టి వస్తాడు. నెత్తురు కారుతుంటే ఆ పెద్దమనిషికే కబురు పంపి గేటు దగ్గరికి రప్పించాలి, చికిత్స స్ట్రెచర్ మీదే మొదలుపెట్టాలి. స్పృహ లేనివాడి భుజాన తుపాకీ ఉంటే అది వాచ్‌మన్ తేల్చేది కాదు. క్లినిక్ ఇన్‌ఛార్జ్ గేటు దగ్గరికి రావాలి.

అక్కడి ప్రభుత్వాధికారి, కమిషనర్ గారి బాడీగార్డులకీ ఇదే నియమం. కాకపోతే గేటు దగ్గర ఆపి ఆయన పరువు తియ్యకండి. ముందురోజే వెళ్లి, “మీరే మీవాళ్లకి బయట ఉండమని చెప్తే ఊరంతా వింటుంది” అని అడగండి. నాకు తెలిసి ఎవరూ కాదనలేదు.

అభ్యాసం. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గేటు బయట సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, ముందు అక్కడివాళ్లతో చెప్పి, కూర్చోండి. ఫోన్ చూడకూడదు. వచ్చిన ప్రతి మనిషినీ మొదట ఎవరు పలకరించారో, ఎంతసేపటికి పలకరించారో రాయండి. పేర్లు వద్దు. తర్వాత పైన చెప్పిన గేటు మాటల్ని మీ మాటల్లో, ఇరవై సెకన్లలో అయ్యేలా ఒక స్నేహితుడి ముందు నలభై సార్లు చెప్పండి. పదోసారి నుంచి అతన్ని అరవమనండి. ఇరవయ్యోసారి నుంచి తోసుకు రమ్మనండి. మీ చెయ్యి ఎన్నిసార్లు ముందుకు లేచిందో అతనే లెక్కపెట్టాలి. ఆ అంకె నాకు పంపండి.