ఒకేలా కనిపించే ఇంగ్లిష్ మాటలు – 7వ పాఠం: టాల్, హై

పోయిన పాఠంలో బోరింగ్, బోర్డ్ మాటల తేడా చూశాం. ముందు అందులోని ఖాళీల జవాబులు చూసుకోండి. సినిమా 'బోరింగ్', చూసి విసిగిపోయినవాళ్లు 'బోర్డ్'. 'ఐ యామ్ బోరింగ్' అని రాసి ఉంటే, నాతో మాట్లాడితే ఎవరికైనా విసుగొస్తుందని మీరే ఒప్పుకున్నట్టు. దిద్దుకుని ముందుకు రండి.

ఈసారి టాల్, హై. తెలుగులో మనిషీ ఎత్తే, మేడా ఎత్తే, కొండా ఎత్తే. ఒక్క మాటతో మనకు పని జరిగిపోతుంది. అందుకే ఇంగ్లిష్‌లో ఇక్కడ తడబడతాం. నిఘంటువు చూసినా రెండింటికీ 'ఎత్తైన' అనే ఉంటుంది కాబట్టి అర్థం బట్టీ పట్టి లాభం లేదు.

ఒక కిటికీని ఊహించుకోండి. దాదాపు నేల దగ్గర మొదలై సీలింగ్ దాకా సాగిన నిలువు కిటికీ 'టాల్ విండో'. జానెడే ఉన్నా సరే, గోడలో చేతికందనంత పైన ఉంటే అది 'హై విండో'. టాల్ అన్నప్పుడు కిటికీ నిలువును కొలుస్తున్నాం. హై అన్నప్పుడు అది ఎంత పైన ఉందో చూస్తున్నాం. కాసేపు కళ్లు మూసుకుని ఆ రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నా దృష్టిలో పాఠమంతా ఇదే.

మనుషులు, చెట్లు, స్తంభాలు, టవర్లు వెడల్పు కంటే నిలువు ఎక్కువ ఉన్నవి. అవన్నీ టాల్. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూడా అంతే. మబ్బులు, పై అరలు, సీలింగ్ హై. కొండలకు మామూలుగా హై అనే వాడతారు. సముద్రమట్టం నుంచి 8,849 మీటర్లున్న ఎవరెస్ట్ 'హయ్యెస్ట్ మౌంటెన్'. హవాయిలోని మౌనా కేయా పర్వత శిఖరం అంత పైన లేదు, కానీ దాని అడుగు సముద్రం లోపల ఉంది. అక్కణ్ణుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. అందుకే దాన్ని 'టాలెస్ట్' అంటారు. మన కిటికీ లెక్కే!

జ్వరం, ధర, స్పీడ్ ఎప్పుడూ హై. వ్యతిరేక పదాలు టాల్‌కు షార్ట్, హైకి లో.

ఒక్క జాగ్రత్త. పొడుగు మనిషిని 'హీ ఈజ్ హై' అనకండి, మత్తులో ఉన్నాడని అర్థం వస్తుంది.

అభ్యాసం: ఖాళీల్లో టాల్ లేదా హై రాయండి.
1. ద కైట్ ఈజ్ వెరీ ____ ఇన్ ద స్కై.
2. మై సిస్టర్ ఈజ్ ఫైవ్ ఫీట్ ____.
3. ద షెల్ఫ్ ఈజ్ టూ ____ ఫర్ మీ టు రీచ్.

జవాబులు 8వ పాఠంలో. అందులో థిన్, స్లిమ్, స్కిన్నీ చూద్దాం.