మొలకొస్తున్న ఉల్లిపాయలతో కారం జామ్

వానాకాలంలో చవగ్గా వచ్చాయని ఐదు కిలోల ఉల్లిపాయలు తెస్తే, చూస్తుండగానే సగానికి మొలకలొచ్చేస్తున్నాయి. అందుకే మొలక కనబడగానే గట్టిగా ఉన్నవి ఓ కిలో ఏరి జామ్ చేసేస్తున్నాను.

సన్నగా, పొడవుగా తరగాలి. మందపాటి బాణలిలో మూడు పెద్ద చెంచాల నూనె వేసి, ముక్కలు, చిన్న చెంచాడు ఉప్పు వేసి మూతపెట్టి పది నిమిషాలు మగ్గనివ్వాలి. నీరు వదిలాక మూత తీసి, సన్నసెగ మీద అరగంట పైనే వేయించాలి. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో గీకండి, ఆ ఎర్రటి పొరంతా కరిగి ముక్కలకు పడుతుంది. రుచంతా అందులోనే ఉంది! ముక్కలు ముదురు తేనె రంగుకి తిరిగాక 80 గ్రాముల బెల్లం తురుము, నిమ్మకాయంత చింతపండు చిక్కటి గుజ్జు, చెంచాన్నర కారం వేసి, చిక్కబడేదాకా కలుపుతూ ఉండాలి. గరిటెతో గీస్తే బాణలి అడుగు కనబడి, ఆ చార వెంటనే మూసుకోకపోతే అయినట్టే.

తొందరపడి మంట పెంచితే మాత్రం అంచులు మాడి చేదొస్తుంది, ఇంకాస్త బెల్లం వేసినా ఆ చేదు పోదు.

చల్లారాక తడిలేని సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, వారం పదిరోజుల్లో వాడేసుకోవాలి. పెసరట్టు మీద పలచగా రాసుకుంటే భలే ఉంటుంది, చపాతీలోకి కూడా.