త్రాపానీ కూస్కుసు: రవ్వను చేత్తో గింజ కట్టడం ఎలా?

కూస్కూస్ అంటే గోధుమ రవ్వను చిన్న గింజలుగా చేసి ఆవిరి మీద ఉడికించే వంట. ప్యాకెట్ కూస్కూస్‌లో వేడినీళ్లు పోసి, పైన రెండు చేపముక్కలు పెట్టి ఇటలీ దీవి సిసిలీ వంట అంటే నేను ఒప్పుకోను. ఆ దీవి పడమటి కొసన, ట్యునీషియాకు ఎదురుగా ఉన్న త్రాపానీ, సాన్ వీతో లో కాపో ఊళ్లలో కూస్కుసు (కూస్కూస్‌కు అక్కడి పేరు) అంటే రవ్వను చేత్తో గింజ కట్టడం దగ్గరే మొదలవుతుంది.

అర కిలో డ్యూరం అనే గట్టి గోధుమల రవ్వ, కాస్త ఉప్పు కలిపిన ఒక గ్లాసు నీళ్లు, ఆలివ్ నూనె, ఉల్లిపాయ, కొత్తిమీరలా ఉండే పార్స్లీ, మిరియాలు, బిర్యానీ ఆకు, వెల్లుల్లి, బాదం, టమాటా, ముళ్లెక్కువున్న చిన్న చేపలు. వెడల్పాటి బేసిన్ ఒకటి. అక్కడివాళ్లు వాడే మట్టిపాత్రను మఫరద్ద అంటారు.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. బేసిన్‌లో రెండు గుప్పిళ్ల రవ్వే వేయండి, మొత్తం ఒకేసారి పోయొద్దు. ఎడమచేతి వేళ్లు నీళ్లలో ముంచి చిలకరిస్తూ, కుడిచేతి వేళ్లు విడదీసి, కొసలు మాత్రమే తగిలేలా గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. అరచేయి ఆనించారా, పిండి ముద్దవుతుంది. పిసకడం కాదు, నొక్కడం అసలే కాదు. కాసేపటికి పలుకులు ఒకదానికొకటి అంటుకుని ఆవగింజ కంటే కాస్త పెద్దవవుతాయి. అప్పుడు ఆపి, వాటిని తెల్లటి గుడ్డ మీద పరిచి మళ్లీ రెండు గుప్పిళ్లు వేసుకోండి. ఉండ కడితే నీళ్లెక్కువైనట్టే, పొడి రవ్వ చల్లి తిప్పండి. గ్లాసు నీళ్లూ పట్టాలనేం లేదు. చెయ్యి నొప్పి పుడుతుంది, విసుగొస్తుంది, అయినా తొందరపడొద్దు. ఈ పనినే ఇన్కొచ్చాతా అంటారు, దీనికి మిక్సీ దారి లేదు.

గింజలు ఆరాక నూనె, సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిరియాల పొడి, బిర్యానీ ఆకు కలిపి చిల్లుల గిన్నెలో పోయండి. కింద మరిగే నీళ్ల గిన్నె. రెండింటి మధ్య సందును దమ్ బిర్యానీకి మూసినట్టు పిండితో మూసేయాలి, లేదంటే ఆవిరంతా పక్కల నుంచే పోతుంది. సన్నటి సెగ మీద గంటన్నర. ఉత్తర ఆఫ్రికాలో రెండు మూడుసార్లు ఆవిరి పట్టి మధ్యమధ్యలో గింజలు విడదీస్తారు, త్రాపానీలో ఒక్కసారే, నెమ్మదిగా. గింజ సరిగ్గా కడితే ఒక్కసారి చాలు, అందుకే నాకు ఇదే సరైన పద్ధతి. 827లో సిసిలీ తీరంలోని మజారా దగ్గర దిగిన అరబ్బులతో ఈ వంట వచ్చిందని కొందరు, ట్యునీషియా తీరంలో పగడాలు ఏరిన త్రాపానీ జాలర్లు తెచ్చారని కొందరు అంటారు. ఎలా వచ్చినా సముద్రం అవతలి వంటే. 2020లో యునెస్కో కూస్కూస్‌ను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియాల పేరు మీద. త్రాపానీ వంటగదులు కూడా అందులో ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఆవిరి పడుతుండగా పులుసు. వెల్లుల్లి, బాదం, పార్స్లీ దంచి నూనెలో వేయించి, టమాటా, నీళ్లు, చేపలు వేసి మరిగించి వడకట్టండి. గింజలను బేసిన్‌లోకి వంపి, వేడి పులుసు గరిటెలతో పోసి కలిపి, మూతపెట్టి దుప్పటి కప్పి గంటసేపు వదిలేయండి. ఈ గంట మానేస్తే లోపల పొడిగానే ఉంటుంది. మిగిలిన పులుసు వేడిచేసి విడిగా గిన్నెలో పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్లు పోసుకుంటారు.