వేడెక్కినా దిగని ఐడ్లింగ్: గాలి ఏ దారిన వస్తోందో వెతకండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగారు. గేరు న్యూట్రల్‌లో ఉంది, కాలు ఎక్సలేటర్ మీద లేదు. అయినా ఎవరో తొక్కి పట్టినట్టు ఇంజిన్ గుర్రుమంటూనే ఉంది. మీటరులో ముల్లు 1300 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర నిలబడి కిందికి రానంటోంది. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితే బండి తోసుకుంటూ పోతుంది, పెట్రోలు ఊరికే కాలిపోతుంది. కాలు తీసినా ఇంజిన్ తిరిగే ఆ వేగమే ఐడ్లింగ్. అది ఎక్కువైతే మెకానిక్‌లు 'రేసు ఎక్కువుంది' అంటారు.

అది నిజంగా సమస్యేనా అన్నది ముందు చూసుకోండి. రాత్రంతా బయట ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే 1200 నుంచి 1500 దాకా లేవడం మామూలే. తర్వాత నెమ్మదిగా దిగుతూ, ఇంజిన్ బాగా వేడెక్కాక చిన్న పెట్రోలు కార్లలో 700-900 మధ్య నిలవాలి. ఏసీ వేస్తే ఇంకో యాభయ్యో వందో పెరుగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పది కిలోమీటర్లు నడిపి, ఏసీ, లైట్లు ఆపి చూసినా 1100 పైనే ఉంటే అప్పుడు బానెట్ ఎత్తండి. డీజిల్ బండ్ల లెక్క వేరు. ఇక్కడ చెప్పేదంతా ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్ల గురించే.

పెట్రోలు ఇంజిన్ వేగం గాలి చేతిలో ఉంటుంది. లోపలికి ఎంత గాలి వెళ్తే దానికి తగిన పెట్రోలును కంప్యూటర్ కలుపుతుంది. ఐడ్లింగ్ ఎక్కువుందంటే గాలి ఎక్కువ వెళ్తోందన్నమాట. గాలి తలుపు సరిగా మూసుకోక వెళ్తుండొచ్చు, ఎక్కడో కన్నం పడి వెళ్తుండొచ్చు, లేదంటే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరే కావాలని వదులుతుండొచ్చు. ఈ మూడింట్లో ఏదో తేలకముందే పార్టు కొనడం దండగ. మన దగ్గర చాలాసార్లు ముందు పార్టు మారుతుంది, ఆలోచన తర్వాత మొదలవుతుంది.

తలుపు మూసుకోకపోతే

లక్షణం: కాలితో ఎక్సలేటర్ పెడల్‌ను పైకి లేపితే ముల్లు దిగుతుంది. కారణం చాలాసార్లు కింద పరిచిన మందపాటి మ్యాటే. తీసి చూడండి. పాత కేబుల్ మోడల్ అయితే బానెట్ కింద కేబుల్‌కు కొద్దిగా వదులు ఉందో లేదో చూడండి. బిగుసుకుపోయి ఉన్నా, లోపల తుప్పు పట్టి జారకపోయినా థ్రాటిల్, అంటే ఆ గాలి తలుపు, పూర్తిగా మూసుకోదు. వదులు సరిచేయండి, పీచులు లేచిన కేబుల్ అయితే మార్చేయండి.

ఈల వినిపిస్తే, లేదా ముల్లు ఊగుతుంటే

థ్రాటిల్ దాటాక ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) లోపల ఉండేది వాక్యూమ్, అంటే బయటికన్నా తక్కువ ఒత్తిడి. అక్కడ ఎక్కడ చిన్న కన్నం పడినా బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న ఇంజిన్లలో ఆ దొంగ గాలిని కూడా లెక్కేసుకుని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. అందుకే ఇంజిన్ సాఫీగా ఉంటూనే రేసు ఎక్కువగా ఉంటుంది. గాలిని ముందే కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో ఈ గాలి లెక్కలోకి రాదు, పెట్రోలు చాలక ఇంజిన్ వణుకుతుంది.

ముల్లు 1000కీ 1800కీ మధ్య ఊయల ఊగుతోందంటే దానికీ ఒక కారణం ఉంది. కాలు తీసేసినా వేగం ఎక్కువుందంటే బండి దిగుడు మీద పోతోందని కంప్యూటర్ అనుకుని పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ఇదే అదేపనిగా జరుగుతుంటుంది.

వెతకడానికి ఖరీదైన సామాన్లేం అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఒక మీటరు రబ్బరు పైపు కొసను చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసతో మ్యానిఫోల్డ్ చుట్టూ తడమండి. ఫ్యాన్, బెల్టు దగ్గరికి మాత్రం పైపూ వద్దు, చెయ్యీ వద్దు. తర్వాత సన్నటి వాక్యూమ్ పైపులను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టండి. ఏ పైపు నొక్కితే ముల్లు దిగుతుందో కన్నం ఆ దారిలోనే ఉంది. బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌కు బలమిచ్చే డబ్బా) పైపు నొక్కినప్పుడు దిగితే, లేదా బ్రేక్ తొక్కినప్పుడల్లా ఐడ్లింగ్ మారుతుంటే బూస్టర్ లోపలి పొర చిరిగి ఉండొచ్చు. అది బ్రేకుల సంగతి, వాయిదా వేయొద్దు.

మ్యానిఫోల్డ్ అతుకులో ఉండే ప్యాకింగ్ దగ్గర అనుమానం ఉంటే స్ప్రే బాటిల్‌తో కొద్దిగా నీళ్లు కొట్టి చూడండి. కన్నం ఉన్న చోట నీళ్లు పడగానే ఇంజిన్ శబ్దం మారుతుంది. సెన్సర్ కనెక్టర్ల మీద, ఇగ్నిషన్ కాయిల్స్ మీద నీళ్లు పడకుండా చూసుకోండి. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు. కాలిపోతున్న సైలెన్సర్ పైపు పక్కనే కాబట్టి మంట అంటుకునే ప్రమాదం ఉంది, నేనైతే ఆ పని చేయను.

మన వైపు అదనంగా చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది ఎలుకలు. వడ్ల బస్తాల పక్కన, పత్తి నిల్వ చేసిన రేకుల షెడ్డులో వారం రోజులు బండి ఆపితే అవి ముందు కొరికేది మెత్తటి రబ్బరు పైపులనే. మిర్యాలగూడ మిల్లుల దగ్గర బండి పెట్టుకునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండోది బయట బిగించిన గ్యాస్ కిట్. దాని నాజిల్స్ కోసం మ్యానిఫోల్డ్‌కు రంధ్రాలు వేస్తారు, అక్కడి సీలు వదులైతే అదే కన్నం. కిట్ వేయించాకే రేసు పెరిగిందా అని ఒక్కసారి గుర్తుచేసుకోండి.

పగిలిన పైపు కొస బాగుంటే రెండు సెంటీమీటర్లు కోసి మళ్లీ ఎక్కించి క్లిప్ వేస్తే సరిపోతుంది. ట్యూబ్ రబ్బరు చుట్టి తీగతో కట్టేది ఇంటికి చేరడానికే.

మెల్లగా దిగుతుంటే, మధ్యలో ఇరుక్కుంటుంటే

థ్రాటిల్ పలక అంచున, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (కాలు తీసినప్పుడు ఇంజిన్‌కు గాలి వదిలే వాల్వ్) దారిలో నల్లటి జిగురు కార్బన్ పేరుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ సరిగా కూర్చోకుండా మట్టి రోడ్ల మీద తిరిగిన బండికి ఇంకా తొందరగా. ఇంజిన్ ఆపి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద కొట్టి తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళం ఆన్‌లో ఉండగా లోపల వేలు పెట్టొద్దు, పలకను చేత్తో బలవంతంగా తిప్పొద్దు.

శుభ్రం చేశాక, లేదా బ్యాటరీ తీసి పెట్టాక ఐడ్లింగ్ పెరిగితే కంగారు పడకండి. పాత మురికికి అలవాటైన కంప్యూటర్ అదే లెక్కన గాలి వదులుతుంటుంది. ఎక్సలేటర్ తాకకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉంచి, తర్వాత ఏసీతో కొన్ని నిమిషాలు నడవనిస్తే చాలా బండ్లు సర్దుకుంటాయి. కొన్ని మోడళ్లకు స్కానర్‌తోనే (బండి కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరం) నేర్పించాలి.

థ్రాటిల్ పక్కన కనిపించే చిన్న స్టాప్ స్క్రూను మాత్రం తిప్పొద్దు, తిప్పనివ్వొద్దు. కార్బ్యురేటర్ రోజుల్లో స్క్రూ తిప్పి రేసు తగ్గించేవాళ్లు. ఇప్పటి బండికి అది కంపెనీలో పెట్టిన కొలత, కంప్యూటర్ లెక్కలన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం.

వేడి ముల్లు పైకి రాకపోతే

మహబూబ్‌నగర్‌లో కొన్న నా సెకండ్ హ్యాండ్ కారు చలికాలం పొద్దున జడ్చర్ల మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్తే, హైవే దిగి ఆగగానే 1200 చూపించేది. అదే బండి ఊళ్లో అరగంట తిరిగితే 900కి వచ్చేది. ఒక షాపులో ఐడిల్ వాల్వ్ మార్చారు, తేడా లేదు. ఇంకో షాపులో స్క్రూ తిప్పారు. 1200 తగ్గింది నిజమే, కానీ ఊళ్లో ఏసీ వేస్తే బండి ఆగిపోవడం మొదలైంది.

నిజానికి జవాబు డ్యాష్‌బోర్డు మీదే ఉంది. హైవే మీద వేడి ముల్లు పావు దాటేది కాదు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ! ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని ఎవరో వాల్వ్ తీసి పారేశారు. 44 డిగ్రీల ఎండల ఊళ్లలో ఇది మామూలు చిట్కా అయిపోయింది. వాల్వ్ లేకపోతే హైవే గాలికి ఇంజిన్ చల్లబడుతూనే ఉంటుంది, ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ గాలీ పెట్రోలూ ఎక్కువే ఇస్తుంది. మైలేజీ కూడా పడిపోతుంది. కొత్త థర్మోస్టాట్ వేయించి, స్క్రూను పాత కొలతకు తెప్పించాకే 850 దగ్గర నిలిచింది. ఆ వాల్వ్ ఖరీదు నేను అంతకుముందు పెట్టిన ఖర్చులో పిసరంత.

ముల్లు సరిగానే వస్తున్నా రేసు దిగకపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను అనుమానించండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్కానర్ పెడితే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకటే చూపించాలి. మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. చాలా బండ్లలో అప్పుడు రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. మల్టీమీటర్ ఉంటే సెన్సర్‌నూ కొలవొచ్చు: ఎక్కువ రకాల్లో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్స్, 80 దగ్గర మూడు వందల చుట్టుపక్కల ఉంటుంది.

కూలెంట్ తగ్గి సెన్సర్ దగ్గర గాలి బుడగ నిలిచినా లెక్క తప్పుతుంది. మన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయొద్దు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ ఇంజిన్‌కు ముప్పు ఆ నీళ్లలోని సున్నం. సెన్సర్ మీదా థర్మోస్టాట్ మీదా తెల్లటి పొర కడుతుంది. కూలెంట్ పోయండి, మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి.

ఇంకా దొరకకపోతే

పెట్రోలు ఆవిరిని మ్యానిఫోల్డ్‌కు పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో చూడండి. దాని పైపు నొక్కితే ముల్లు దిగుతుంది. ఊడదీసి ఊదితే గాలి పోకూడదు, పోతే మార్చాలి. ఛార్జింగ్ సరిగా లేకున్నా కొన్ని బండ్లు ఐడ్లింగ్ పెంచుకుంటాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటే ఆ గొడవ లేదు.

స్కానర్‌లో పీ0507 అనే ఫాల్ట్ కోడ్ వస్తే ఐడ్లింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుందని మాత్రమే అర్థం, ఐడిల్ వాల్వ్ మార్చమని కాదు. దాంతోపాటు పీ0171 ఉంటే కన్నం వెతకండి. పీ0128 ఉంటే థర్మోస్టాట్ వైపు, పీ0118 ఉంటే టెంపరేచర్ సెన్సర్ వైరు వైపు వెళ్లండి. పీ0122, పీ0123 థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌వి.

పని అయ్యాక షాపు ముందే 800 చూసి డబ్బులు ఇచ్చేయకండి. నార్కట్‌పల్లి దాకా ఒకసారి వెళ్లి వచ్చి, ఏసీ వేసీ తీసీ, బ్రేక్ నాలుగుసార్లు తొక్కి చూడండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో ఇంకోసారి.