త్రీ నాట్ త్రీ మొరాయిస్తే: రౌండ్లు దించకముందే చూడండి

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారి నుంచి కోహిమా కొండల దాకా భారత జవాన్ల భుజాన ఎక్కువగా కనిపించింది త్రీ నాట్ త్రీ (.303) అని మనం పిలిచే లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 రైఫిల్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఆ రకం తుపాకులే తర్వాత దశాబ్దాల పాటు మన పోలీసుల బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లలో (ఆయుధాలు భద్రపరిచే గదుల్లో) నిలబడ్డాయి. వాటిని బాగుచేస్తూనే నా సర్వీసు గడిచింది. బోల్ట్ (తుపాకి వెనక తెరిచి మూసే కడ్డీ) తీయడం, పుల్‌త్రూ (బ్యారెల్ తుడిచే తాడు) లాగడం, మూతి ఎప్పుడూ ఎటు ఉండాలి అన్నవి తెలిసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఏ కంప్లయింట్ అయినా సరే, ముందు బోల్ట్ నంబర్ చూడండి. బోల్ట్ పిడి వెనక ఒక నంబర్ ఉంటుంది, ఛాంబర్ (రౌండు కూర్చునే చోటు) దగ్గర బాడీకి కుడివైపున ఒకటి ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. పది రైఫిళ్లు ఒకేసారి విప్పి, బోల్టులన్నీ ఒకే ట్రేలో పడేసి, బిగించేటప్పుడు చేతికి దొరికింది తొడిగేస్తారు. తొడిగితే ఎక్కుతుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఏ బాడీ బోల్ట్‌ని ఆ బాడీకే సరిచూసి కూర్చోబెట్టి ఉంటారు. ఈ ఒక్క పని చేయకుండా సాయంత్రం దాకా స్ప్రింగులు మార్చేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

మ్యాగజైన్ నిండా రౌండ్లున్నా బోల్ట్ ఖాళీగా వెళ్తోంది

మ్యాగజైన్ పూర్తిగా పైకి ఎక్కలేదు. అరచేత్తో అడుగున ఒక్కటివ్వండి, టక్కుమని పట్టుకోవాలి. అది సరిగ్గానే ఉంటే, పాత మార్క్ 3 రైఫిల్ కుడిపక్కన ఉండే కట్ ఆఫ్ పలక లోపలికి నెట్టి ఉందేమో చూడండి. అది మూసి ఉంటే మ్యాగజైన్ మీద మూత పెట్టినట్టే. బయటికి లాగితే సరిపోతుంది. యుద్ధకాలపు మార్క్ 3 స్టార్ రైఫిళ్లలో ఈ పలక సాధారణంగా ఉండదు.

బోల్ట్ సగం దూరం వెళ్లి ఆగిపోతోంది, రౌండు ముందుకి కదలడం లేదు

ఎక్కువమందిని మోసం చేసేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

.303 రౌండు అడుగున చుట్టూ పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, దాన్నే రిమ్ అంటాం. మ్యాగజైన్‌లో పైనున్న రౌండు రిమ్, కింది రౌండు రిమ్‌కి ముందు కూర్చోవాలి. అలా ఉంటే బోల్ట్ నెట్టగానే పై రౌండు అడ్డం లేకుండా జారిపోతుంది. వెనక కూర్చుందంటే, ముందుకి కదిలేటప్పుడు కింది రిమ్‌ని తగులుకుని దాన్ని కూడా లాక్కుపోవాలని చూస్తుంది. రెండూ ఇరుక్కుంటాయి. గట్టిగా కొడితే ఇంకా బిగుసుకుంటాయి.

దీన్ని కనిపెట్టడం కష్టం ఎందుకంటే, రౌండ్లు దించగానే కారణం కూడా వాటితోపాటే పోతుంది. ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి వచ్చేసరికి మ్యాగజైన్ ఖాళీ. ఆయన నెమ్మదిగా, పద్ధతిగా నింపి చూస్తాడు, అన్నీ చక్కగా ఎక్కుతాయి. "బాగానే ఉంది కదా" అని పంపించేస్తాడు. మర్నాడు రేంజ్‌లో హడావుడిగా నింపితే మళ్లీ అదే గోల. అప్పుడు అనుమానం స్ప్రింగు మీదికి పోతుంది, తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేస్‌ని బయటికి లాగే కొక్కెం) మీదికి. చివరికి ఎవరో ఒకరు ప్లయర్ తీసుకుని మ్యాగజైన్ పెదవులు (రౌండ్లని పట్టి ఉంచే పై అంచులు) వంచుతారు. అప్పటిదాకా లేని జబ్బు ఆ రోజు నుంచి నిజంగానే మొదలవుతుంది. ఈ రైఫిల్ మ్యాగజైన్ ఎప్పుడుపడితే అప్పుడు తీసి మార్చుకునేది కాదు. పెదవులు ఆ రైఫిల్‌కి తగ్గట్టు సరిచేసి ఉంటాయి.

అందుకని ఇరుక్కున్నప్పుడు చేయాల్సింది ఇది. మూతి సురక్షితమైన దిక్కున ఉంచి, బోల్ట్ వెనక్కి లాగండి. ట్రిగ్గర్ గార్డ్ లోపల ముందువైపున్న క్యాచ్ నొక్కి మ్యాగజైన్ దించండి. ఒక్క రౌండు కూడా తీయకముందే వెనకవైపు నుంచి వెలుగులో చూడండి. పై రిమ్ కింది రిమ్ వెనక దిగి ఉంటే, ఇత్తడి మీద తాజా గీత కూడా కనిపిస్తుంది. అంతే, రైఫిల్‌లో ఏ లోపమూ లేదు. రౌండ్లన్నీ తీసి, ఒక్కొక్కటి రిమ్ ముందుకి పడేట్టు మళ్లీ నింపండి.

చార్జర్ క్లిప్పులు (ఐదు రౌండ్లని ఒకేసారి నింపే పట్టీలు) వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్లిప్పులో ఐదు రౌండ్ల రిమ్‌లు ఒకటి కిందికి, ఒకటి మీదికి మార్చి మార్చి ఉంటాయి. ఏ వైపు తిప్పి పెట్టినా ఎక్కాలనే అలా పేర్చారు. పాత క్లిప్పులు మళ్లీ నింపేవాళ్లు రిమ్‌లన్నీ ఒకే దిశలో మెట్లలా పేర్చేస్తారు. ఒక వైపు పెడితే ఎక్కుతుంది, తిప్పి పెడితే ఇరుక్కుంటుంది. క్లిప్పు నొక్కేటప్పుడు కూడా బొటనవేలితో ఆపకుండా ఒకే ఊపున దించాలి.

ఆ యుద్ధంలో ఈ తలనొప్పి అందరికీ లేదు. జర్మన్ల మౌజర్ 7.92, అమెరికన్ల గరాండ్ .30 రౌండ్లకి పొడుచుకొచ్చిన రిమ్ లేదు. రష్యన్ల మోసిన్ 7.62కి ఉంది, కానీ పై రౌండు కింది రౌండు కలుసుకోకుండా ఆపే ఒక పలకని రైఫిల్‌లోనే పెట్టారు. మన బ్రెన్ గన్ (అదే .303 రౌండు వాడే లైట్ మెషిన్ గన్) మ్యాగజైన్ వంకర తిరిగి ఉండటానికి కారణం కూడా ఈ రిమ్మే. దాంట్లో 30 పడతాయి, మామూలుగా 28 నింపేవారు. బ్రెన్ మ్యాగజైన్ నింపేటప్పుడూ రిమ్ నియమం ఇదే.

ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మంది, పేలలేదు

వెంటనే బోల్ట్ తెరవొద్దు. మూతి రేంజ్ వైపే ఉంచి కాసేపు ఆగండి. తర్వాత రౌండు తీసి క్యాప్ (రౌండు అడుగున మందు అంటించే బిళ్ల) మీద గుర్తు చూడండి. గుంట లోతుగా ఉంటే రౌండుదే తప్పు. పైపైన తగిలితే బోల్ట్‌లో గట్టిపడిన పాత గ్రీజు ఉంటుంది, కడగండి. కడిగినా అంతే ఉంటే స్ట్రైకర్ (క్యాప్‌ని కొట్టే సూది) వెనక కొస కాకింగ్ పీస్‌తో (బోల్ట్ వెనక కనిపించే ముక్కతో) సమంగా ఉందో లేదో చూడండి, లేకపోతే తిప్పి సరిచేయాలి.

పేలిన శబ్దం మామూలు కన్నా నీరసంగా వస్తే మాత్రం ఇంకో రౌండు కాల్చకండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. బోల్ట్ తీసి, వెనక నుంచి చూసి, వెలుగు కనిపిస్తేనే ముందుకి వెళ్లండి.

కేస్ (రౌండు ఇత్తడి గొట్టం) రిమ్‌కి కాస్త ముందు తెగిపోయి, సగం ఛాంబర్‌లోనే ఉండిపోయింది

బోల్ట్ నంబర్ చూశారా? హెడ్‌స్పేస్ గేజ్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌కీ మధ్య రిమ్ పట్టే సందుని కొలిచేది) పెట్టండి. 0.064 అంగుళం గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. మూసుకుంటే ఆ రైఫిల్‌ని పక్కన పెట్టేయండి. మిగిలిన సగాన్ని తీయడానికి తెగిన కేస్ తీసే సాధనం ఉంది, స్క్రూడ్రైవర్‌తో ఛాంబర్ గీకొద్దు.

నూనె రాసినా బ్యారెల్ లోపల తుప్పు

పాత రౌండ్ల క్యాప్ కాలాక ఒక ఉప్పు మిగులుతుంది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే కాల్చిన రోజే ఛాంబర్ వైపు నుంచి మరిగిన నీళ్లు పోయాలి, పొడిగా తుడవాలి, ఆ తర్వాతే నూనె. తుడవకుండా నూనె రాస్తే తడి కిందే ఉండిపోతుంది.

విరిగిన స్ట్రైకర్, పగిలిన బాడీ, ఉబ్బిన బ్యారెల్ లాంటివి చాలా అరుదు, ఉంటే చూడగానే తెలుస్తాయి, మీరు చేసేదేం లేదు. డి.పి. అని ముద్ర ఉన్న డ్రిల్ రైఫిల్‌ని అసలు కాల్చకూడదు, దాన్ని రిపేరుకి తీసుకురావొద్దు.