రాస్తే తగ్గి, ఆపితే తిరగబెట్టే దురద: మచ్చను చూసి కారణం పట్టుకోవడం ఎలా

చర్మం మీద ఏం వచ్చినా మనలో చాలామందికి మొదటి మజిలీ మెడికల్ షాపే. "దురదకి ఏదన్నా ఇవ్వండి" అనగానే ఒక ట్యూబు చేతికొస్తుంది, రెండ్రోజుల్లో దురద పోతుంది కూడా. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. దురద తగ్గడం వేరు, దురద పెట్టించేది చావడం వేరు. అలా చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో కలిపిన స్టిరాయిడ్ మొదటి పని మాత్రమే చేస్తుంది.

అందుకని ఏదైనా రాసే ముందు పగటి వెలుతురులో మూడు సంగతులు తేల్చుకోండి. మచ్చ ఎక్కడెక్కడ ఉంది? దురద ఏ వేళ ఎక్కువ, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? దూదితో తాకితే స్పర్శ తెలుస్తోందా? పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, వారం తర్వాత పెరిగిందో తరిగిందో గుర్తు తెచ్చుకోవాల్సిన పనుండదు.

గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. చెమట పడితే దురద

ఇది తామర. గజ్జల్లో, నడుం చుట్టూ, పిర్రల మీద, చంకల్లో ఎక్కువ. చర్మం పైపొరలోని కెరటిన్‌ను తిని బతికే ఫంగస్ ఒక చుక్క దగ్గర మొదలై బయటికి పాకుతూ పోతుంది. అందుకే మధ్యలో మానినట్టు కనిపిస్తుంది, అంచు మాత్రం పొలుసులు కట్టి రేగుతూ ఉంటుంది. దాని పని జరిగేది అంచులోనే కాబట్టి మందు మధ్యలో పూసి ఊరుకుంటే లాభం లేదు. అంచు దాటి ఇంకో 2 సెంటీమీటర్ల మేర మంచి చర్మం మీద కూడా రాయాలి.

స్టిరాయిడ్ కలవని ఫంగస్ క్రీమే ఎంచుకోండి: 1 శాతం క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, 1 శాతం లులికొనజోల్ అయితే ఒకసారి. కొలతకు సులువైన లెక్క ఉంది. చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబును పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మచ్చ పూర్తిగా పోయినట్టు కనిపించాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. చాలామంది తప్పేది ఇక్కడే: దురద ఆగిన నాలుగో రోజునే ట్యూబు అలమరాలోకి వెళ్లిపోతుంది.

మందుతో పాటు బట్టల సంగతి చూడకపోతే అంతా వృథా. లోదుస్తులు, తువ్వాలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. తడి ఆరని లోదుస్తులు వేసుకోవద్దు. మొలతాడు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఫంగస్‌కు అంతకంటే మంచి చోటు దొరకదు. నయమయ్యేదాకా తీసేయడమే మేలు. ఇంట్లో ఇంకెవరికి తామర ఉన్నా ఒకేసారి మందు వాడాలి. వెల్లుల్లి నూరి కట్టడం, నిమ్మరసం రుద్దడం వల్ల తామర పోదు, దాని మీద కాలిన పుండు తయారవుతుంది.

రెండు అరచేతుల కంటే ఎక్కువ మేర పాకినా, గోళ్లలో, గడ్డంలో, పిల్లల తలలో వచ్చినా క్రీముతో పని జరగదు. పిల్లల తలలో ఫంగస్ వెంట్రుక లోపలే ఉంటుంది. అక్కడికి పూతమందు చేరదు, టాబ్లెట్లే కావాలి.

రాస్తుంటే తగ్గుతుంది, ఆపితే రెట్టింపవుతుంది

ట్యూబును తిప్పి వెనక "కంపోజిషన్" అని ఉన్నచోట సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్, మొమెటసోన్: వీటిలో ఏ ఒక్క పేరు కనిపించినా అది స్టిరాయిడ్ ఉన్న ట్యూబు. మన మార్కెట్లో దొరికే కొన్నింట్లో క్లోబెటసాల్‌తో పాటు ఫంగస్ మందు, బాక్టీరియా మందు, ఇంకో మందు కలిపి ఉంటాయి. వ్యాధి ఏదో తెలియకుండా అన్నిటికీ ఒకే బాణం వేయడమన్నమాట.

లోపల జరిగేది ఇదీ. ఎరుపు, వాపు, దురద అన్నవి ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటపు గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. మచ్చ పాలిపోతుంది, మనకు హాయిగా ఉంటుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. కొన్నాళ్లకు గుండ్రటి ఆకారం చెదిరిపోతుంది, వలయంలో వలయం వస్తుంది, డాక్టరుకు కూడా చూడగానే తామర అని చెప్పడం కష్టమవుతుంది. గజ్జల్లో, తొడల లోపలివైపు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. ఆ చారలు ఇక పూర్తిగా పోవు. మంగు మచ్చలకని, తెల్లబడటానికని ముఖానికి రాసేవాళ్లకు బుగ్గలు ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మండి, మొటిమలు, నూగు మొలుస్తాయి.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర చీటీ అడిగేవాళ్లు ఎందరో మీకే తెలుసు.

పరిష్కారం: ఒళ్లు మీద కొద్ది చోట, కొద్ది రోజులే రాసి ఉంటే ఆపేసి మామూలు ఫంగస్ క్రీముకు మారండి. మొదటి వారం దురద, ఎరుపు ఎక్కువవుతాయి. అది కొత్త మందు పడకపోవడం కాదు, అణిగి ఉన్నది బయటపడటం. ఆ వారంలోనే భయపడి పాత ట్యూబుకు తిరిగి వెళ్లేవాళ్లు ఎక్కువ. ముఖానికి గానీ, పెద్ద మేర గానీ నెలల తరబడి రాసి ఉంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గించుకుంటూ తీసుకొస్తారు.

టాబ్లెట్లు సొంతంగా మింగొద్దు. మన దేశంలో పాకుతున్న తామర రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినఫిన్ అనే ఫంగస్ టాబ్లెట్‌కు అది చాలాసార్లు లొంగడం లేదు. దాని బదులు రాసే ఇట్రాకొనజోల్‌కు గుండె జబ్బుతో, కొన్ని కొలెస్ట్రాల్ మందులతో పేచీ ఉంది. ఆ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పొద్దున్నే ఆ ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ టాబ్లెట్ వేసుకునే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి. "నెల వాడినా తగ్గలేదండీ" అన్న మాట వెనక కొన్నిసార్లు ఆ గ్యాస్ బిళ్ళే ఉంటుంది.

రాత్రి పక్క ఎక్కగానే దురద, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి

గజ్జి. వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలివైపు, బొడ్డు చుట్టూ, మర్మాంగాల దగ్గర చిన్న పొక్కులు ఉంటాయి. బాగా చూస్తే పెన్సిల్‌తో గీసినట్టు అర సెంటీమీటరు వంకర గీత కనిపిస్తుంది. కంటికి ఆనని పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. పసిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తుంది.

మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. రాత్రి ఒళ్లు పొడిగా తుడుచుకుని మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి: వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డులో, పిర్రల మధ్య, ఎక్కడా వదలకుండా. పెద్దవాళ్లకు ఒకసారికి 30 గ్రాములు పడుతుంది. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. అంతే, రోజూ రాయకూడదు. రోజూ రాస్తే మందుకే దురద మొదలవుతుంది.

తగ్గకపోవడానికి కారణాలు రెండే ఎక్కువ. ఒకటి, దురద ఉన్నచోట మాత్రమే రాయడం. రెండోది, దురద ఉన్నవాళ్లు మాత్రమే రాయడం. మొదటిసారి అంటినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు కూడా పడుతుంది. ఈలోగా వాళ్ల నుంచి మీకు మళ్లీ అంటుతుంది. అందుకే ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాయాలి, హాస్టల్ గదైతే గదిలో అందరూ. దుప్పట్లు, బట్టలు మర్నాడు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి కవర్లో కట్టి మూడు రోజులు పక్కన పడేస్తే చాలు, మనిషి ఒళ్లు లేకుండా పురుగు అంతకంటే బతకదు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, అది చూసి మూడోసారి, నాలుగోసారి పూయొద్దు. గర్భిణులకు, పసిపిల్లలకు డాక్టరును అడిగే వాడాలి. పాత రకం గామాబెంజీన్ లోషన్ వాళ్లకు అసలే వద్దు.

తెల్లమచ్చ

ఎక్కువ భయం దీనికే, ఎక్కువ పొరపాట్లూ ఇందులోనే.

గోటితో మెల్లగా గీరితే పిండిలా పొట్టు రాలి, మచ్చలు ఛాతీ, వీపు, మెడ మీద చుక్కలుగా ఉంటే శోభి. 2 శాతం కీటొకొనజోల్ షాంపూను తడి ఒంటికి నురగలా పట్టించి 5 నిమిషాలు ఆగి కడగండి, 5 రోజులు. పొట్టు పోతుంది, తెలుపు మాత్రం రెండు మూడు నెలలు ఉంటుంది. మందు పనిచేయలేదని కాదు, ఆ చోట రంగు మళ్లీ రావడానికి అంత కాలం పడుతుంది.

బడి పిల్లల బుగ్గల మీద అంచు తెలియని పాలిన మచ్చలైతే అవి నులిపురుగుల వల్లా రావు, కాల్షియం తక్కువై కూడా కాదు. చర్మం పొడిబారి రంగు తగ్గుతుంది. స్నానం కాగానే కొబ్బరినూనో, మామూలు మాయిశ్చరైజరో రాస్తే మెల్లగా కలిసిపోతాయి. పాలలా తెల్లగా, అంచు కచ్చితంగా, పొట్టు లేకుండా ఉంటే బొల్లి కావచ్చు. అంటదు, కానీ తొందరగా వెళ్తే రంగు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. నుదుటన బొట్టు బిళ్ళ పెట్టే చోటే తెల్లబడితే ముందు ఆ బిళ్ళ మానండి, దాని జిగురులోని రసాయనం రంగు కణాలను చంపగలదు.

నాలుగోది స్పర్శ లేని మచ్చ. కళ్లు మూసుకోమని, దూదిని పురి తిప్పి కొసతో మచ్చ మీద ఒకసారి, పక్క చర్మం మీద ఒకసారి తాకండి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమనండి. మచ్చ మీద తెలియకపోతే, అక్కడ చెమట పట్టకపోతే, దురద అసలే లేకపోతే కుష్ఠు అని అనుమానించాలి. దురద లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ ప్రమాదం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 లేక 12 నెలలు వాడాలి. నరం దెబ్బతినక ముందే మొదలుపెడితే వేళ్లు వంకరపోవు.

రాత్రికి రాత్రి వాత పెట్టినట్టు మంట, నీటిపొక్కులు

వానాకాలంలో, ట్యూబులైటు కింద పడుకున్నవాళ్లకు మెడ మీదో మోచేతి మడతలోనో పొడుగ్గా కాలిన గీత కనిపిస్తే పురుగు పాకిందని అంటాం. నిజానికి పాకితే ఏమీ కాదు. దాన్ని చేత్తో నలిపితే ఒంట్లోని రసం అంటుకుని, ఒకటి రెండు రోజులకు కాలుతుంది. ఒంటి మీద వాలితే ఊది పారేసి, ఆ చోటు సబ్బుతో కడగాలి.

అదే మంట ఒంటికి ఒకవైపే పట్టీలా సాగి, పొక్కులకు రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలై ఉంటే సర్పి. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఆకు పసర్లతో మూడు రోజులు పోగొట్టుకోవద్దు. కంటి దగ్గర గానీ ముక్కు కొస మీద గానీ వస్తే అదే రోజు కంటి డాక్టరును కూడా కలవాలి.

కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మాత్రమే రేగితే

పొలం పనులు చేసేవాళ్లకు ఏటా అదే కాలంలో వస్తుంటే వయ్యారిభామను అనుమానించండి. పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి బట్ట కప్పని చోట, మడతల్లో చేరుతుంది. చేలో నుంచి రాగానే స్నానం, పొడుగు చేతుల చొక్కా తప్పవు. ఆ మొక్కను ఒట్టి చేత్తో పీకడం, కాల్చడం వద్దు. తాపీ పని చేసేవాళ్ల చేతులకు సిమెంటులోని క్రోమియం, తలకు రంగు వేసుకున్న రెండు రోజులకు నుదురు, చెవులు ఉబ్బితే ఆ రంగులోని పీపీడీ అనే రసాయనం కారణం. ఒకసారి పడని రంగు మళ్లీ ఎప్పటికీ పడదు.

దద్దుర్లు

ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీయండి. 24 గంటల్లో అక్కడిది మాయమై ఇంకోచోట వస్తే మామూలు దద్దుర్లే, పెద్దవాళ్లకు 10 మిల్లీగ్రాముల సెటిరిజిన్ చాలు (నిద్ర వస్తుంది, బండి నడపొద్దు). అక్కడే ఉండిపోయి కమిలినట్టు మచ్చ మిగిలినా, ఆరు వారాలు దాటినా డాక్టరుకు చూపించాలి.

మెడ వెనక నల్లగా, మఖమల్‌లా మందంగా ఉన్నది మురికి కాదు. పీచు పెట్టి రుద్దడం మాని షుగరు పరీక్ష చేయించండి.

ఆగకుండా వెళ్లాల్సినవి

కొత్త మందు మొదలుపెట్టిన నాలుగు వారాల్లోపు జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం కనిపిస్తే మందు ఆపి నేరుగా పెద్దాసుపత్రికే. మూర్ఛ మందులు, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులతో ఇది ఎక్కువ. దద్దుర్లతో పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే 108. జ్వరంలో ఒంటి మీద ఎర్రచుక్కలు గాజు గ్లాసుతో నొక్కినా పాలిపోకపోతే అదే రోజు ఆసుపత్రికి. షుగరు ఉన్నవాళ్లకు కాలు ఎర్రబడి, వేడెక్కి, గంటగంటకూ పైకి పాకుతుంటే కూడా అంతే. అరికాలి మీద గానీ గోటి కింద గానీ నల్లమచ్చ పెరుగుతుంటే ఆ వారంలోనే.

డాక్టరు బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లాంటి చర్మవ్యాధుల డిగ్రీ ఉందో లేదో చూడండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో అయితే డీవీఎల్ ఓపీ అని అడగాలి. వెళ్లే రోజు ఒంటికి ఏమీ రాయకండి, పొట్టు గీకి పరీక్ష చేయాల్సి రావచ్చు. ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, నొక్కి చదును చేసిన ఖాళీవి సహా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి.